చెయ్యి తెరిచే తాళం

కూతురు ఆమని చెయ్యి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలోని యంత్రం వంక చూస్తూ కూర్చుంది హైమ. సెల్‌ఫోను కంటే కాస్త మందంగా, అరచేతిలో ఇమిడే యంత్రం అది. దాని వెనక ఉన్న రాగిబిళ్ళ మీద హైమ చూపుడువేలు ఆని ఉంది. తెర మీద చిన్న చుక్క గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

‘జత కుదరలేదు’ అని వచ్చింది.

"బిళ్ళ మీద చెమట చేరినట్టుంది" అంటూ హైమ కొంగుతో వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే మాట.

ఆసుపత్రి గదిలో కిటికీ పక్కన నిలబడ్డ ఉమామహేశ్వర్‌గారు గొంతు సవరించుకున్నారు. పరిశోధనాలయానికి ఆయనే పెద్ద. యంత్రానికి అనుమతులు తెచ్చింది ఆయనైతే, దాన్ని కని పెంచింది హైమ. ముందు కొంతమంది రోగులకు పెట్టి చూశారు. అది బాగానే పనిచేస్తోందని నమ్మకం కుదిరాక హైమ తన కూతురికీ పెట్టించింది.

ఆమనికి చిన్నప్పట్నుంచీ మూర్ఛ. మందులకు సగం లొంగింది, సగం లొంగలేదు. ఇప్పుడు ఆమె ఎడమ భుజం కింద, చర్మం లోపల, రూపాయి బిళ్ళంత చిప్పు ఉంది. దాన్నుంచి వెంట్రుకలాంటి తీగ ఒకటి తలలోకి వెళ్ళింది. మూర్ఛ మొదలవుతోందనగానే పక్కనున్నవాళ్ళు చేతియంత్రం మీద మీట నొక్కాలి. చిప్పు సన్నగా కరెంటు పంపి దాన్ని మొదట్లోనే ఆపేస్తుంది. ఆ తర్వాత కాసేపు రోగికి మాటలు దొరకవు, అంతే.

చిక్కల్లా యంత్రం చిప్పుకి చెప్పే మాట గాల్లోంచి వెళ్ళడంలోనే ఉంది. బస్సులో పక్క సీటువాడు కూడా అదే మాట పంపగలిగితే? పాస్‌వర్డు పెడదామంటే, బిడ్డ కళ్ళు తేలేస్తుంటే ఏ తల్లికి అంకెలు గుర్తొస్తాయి? ఆ చిక్కు విప్పింది హైమే. మనిషి నిబ్బరంగా ఉన్నప్పుడు గుండె గడియారంలా కొట్టుకోదు. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం ఊపిరితో పాటు కాస్త సాగుతుంది, కాస్త ముడుచుకుంటుంది. ఏ రెండు నిమిషాల సాగుడూ ఒకలా ఉండదు. లోపలి చిప్పు ఆ ఎడాలను లోపల్నుంచి వింటుంది. పట్టుకున్న చేతిలోంచి, పట్టుకున్నవాళ్ళ ఒంట్లోంచి, వేలికొస దాకా వచ్చిన అదే చప్పుణ్ణి రాగిబిళ్ళ వింటుంది. రెండూ ఒకే తాళంచెవిని అప్పటికప్పుడు తయారు చేసుకుంటాయి. దాన్ని ఎక్కడా రాసిపెట్టరు, ఎవరికీ చెప్పరు. మర్నాటికి అదే చెరిగిపోతుంది, మళ్ళీ చెయ్యి పట్టుకోవాల్సిందే. భయపడ్డ గుండె మాత్రం గడియారమే. దాని చప్పుడులో ఏ రహస్యమూ పుట్టదు. కాబట్టి చెయ్యి మెలిపెట్టి, బెదిరించి ఎవరూ జత కలపలేరు. ఆ ఒక్క గుణం చూసే ఉమామహేశ్వర్‌గారు మొదటిరోజు హైమకి లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

"నా చేతులు చల్లగా ఉన్నాయేమో" అంది హైమ.

అంతలో తలుపు తోసుకుని శివాజీ వచ్చాడు. ఓడరేవులో పెద్ద ఓడల్ని లాగే టగ్గు నడుపుతాడతను. యూనిఫాం విప్పకుండా నేరుగా వచ్చినట్టున్నాడు, గదంతా డీజిలు వాసన వేసింది.

"ఏటమ్మడూ, మీ అమ్మ యంత్రం మొరాయిస్తందా?" అంటూ మంచం మీద కూతురి పక్కన చతికిలబడ్డాడు. "ఇటివ్వు హైమా. నేనూ ఓ చెయ్యి వేస్తాను."

వేలు ఎక్కడ పెట్టాలో హైమ చూపించింది. అతను తెర వంక చూడనే లేదు. "ఇయ్యాల ఓ బొగ్గు ఓడ వచ్చింది చూడూ, దాని కెప్టెను నన్ను పట్టుకుని నీ టగ్గు ఎంత చిన్నదయ్యా అన్నాడు. మరి దీంతో లాగించుకోకుండా నీయంతట నువ్వు లోపలికి రా బాబూ అన్నాను. మొహం ఇలా పెట్టాడు" అని పెదాలు సాగదీసి చూపించాడు. ఆమని కిసుక్కున నవ్వింది.

‘జత కుదిరింది.’

గదిలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నర్సు కూడా కొట్టింది. హైమ కూడా కొట్టింది, కాకపోతే అందరి తర్వాత.

ఇంటికి వచ్చాక అది రోజువారీ పని అయిపోయింది. పొద్దున్నే శివాజీ కాఫీ తాగుతూ కూతురి చెయ్యి పట్టుకునేవాడు. కాఫీ సగం అయ్యేసరికి జత కుదిరేది. అతను డ్యూటీకి వెళ్ళాక హైమ ఆమని పక్కన కూర్చుని, "ఊరికే, ఇంకో పరీక్ష" అని తనూ ప్రయత్నించేది. వేడి గ్లాసు పట్టుకుని చేతులు వెచ్చజేసుకునేది. రాగిబిళ్ళ మార్చింది. ప్రోగ్రాములో కొలతలు సవరించింది. ఆఫీసులో పరీక్షలకి వచ్చిన మిగతా రోగుల చేతులు పట్టుకుంటే జత ఇట్టే కుదిరేది. ఇంట్లో కుదిరేది కాదు.

ఒకరోజు ఆఫీసులో తలుపు వేసుకుని, ఆమని చిప్పు పంపిన గుండెచప్పుడు గీతలు తెరిచి చూసింది. శివాజీ పట్టుకున్నప్పటి గీత అలల్లా పైకీ కిందకీ ఊగుతోంది. తను పట్టుకున్న క్షణం నుంచీ గీత బిగదీసిన తాడు. నెమ్మదిగా బిగుసుకోవడం కూడా కాదు, వేళ్ళు తగలగానే. హైమ ఆ ఫైలు మూసేసింది. ఆ సంగతి శివాజీకి చెప్పలేదు.

అదే వారంలో పరిశోధనాలయం వరండాలో గొడవైంది. పైడిరాజు అనే ఆయన భార్యకి చిప్పు పెట్టారు. ఆవిడ పేరు సన్యాసమ్మ. వాళ్ళది భీమిలి దగ్గర. ఇంటి దగ్గర ఎన్నిసార్లు పట్టుకున్నా భర్త చేతికి జత కుదరలేదట. చూడ్డానికి వచ్చిన ఆవిడ చెల్లెలు పట్టుకుంటే కుదిరిందట.

"ఇన్నేళ్ళు కాపరం చేశాను. దానికి నేను పరాయోణ్ణంట! మిషను చెప్తాది!" అని ఆయన అందరి ముందూ అరుస్తున్నాడు. "మా ఊర్లో నా మొహం ఎలా చూపించుకోమంటారు? అరిచానంటే అరిచాను, తిట్టానంటే తిట్టాను, ఇల్లన్నాక ఉండదా? అది కూడా యంత్రానికి చెప్పాలా?"

సన్యాసమ్మ బెంచీ మీద తల వంచుకుని కూర్చుంది. ఆయన అరిచినప్పుడల్లా ఆమె వేళ్ళు చీర అంచుని నలుపుతున్నాయి. హైమ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. తర్వాత నెల నుంచీ సన్యాసమ్మ పరీక్షలకి చెల్లెలితోనే వచ్చేది. భర్త ఎలా ఉన్నాడని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఉమామహేశ్వర్‌గారు హైమని గదికి పిలిచారు.

"ఇలాంటివి ఇంకా వస్తాయి హైమగారూ. ఒక ఉమ్మడి తాళంచెవి పెట్టేద్దాం. ఆసుపత్రిలో ఉంటుంది, ఇంటి పెద్దకొకటి ఇస్తాం. చెయ్యి కుదిరినవాళ్ళకి చెయ్యి, కుదరనివాళ్ళకి అది."

"ఉమ్మడి తాళంచెవి అంటూ ఉంటే అది ఎవరి చేతిలో పడితే వాళ్ళు ఎవరి తలలోకైనా దూరొచ్చు సార్. ఇన్నేళ్ళు మనం కష్టపడ్డది అది లేకుండా చెయ్యడానికేగా?"

"కాదనను. మరి జత కుదరనివాళ్ళ సంగతేమిటి? పక్కన మనిషి ఉండీ, యంత్రం ఉండీ, పేషెంటు కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చోవాలా? మీకైతే మీవారున్నారు."

మీకైతే అన్న మాట ఆయన మామూలుగానే అన్నారు. హైమ చేతికి జత కుదరదని ఆయనకి తెలుసు, ఆసుపత్రి గదిలో చూశారు కూడా. హైమ లేచి వచ్చేసింది.

వర్షాకాలం ముగుస్తుండగా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. గాలి ముదరకముందే రేవులో ఓడలన్నింటినీ బయటి సముద్రంలోకి పంపించెయ్యాలి. టగ్గులవాళ్ళకి ఇల్లు చేరే దారి ఉండదు. శివాజీ సంచీలో రెండు జతల బట్టలు కుక్కుకుని, వెళ్ళేముందు ఆమనితో జత కలిపి వెళ్ళాడు.

"రేపు పొద్దుటికి ఇది చెరిగిపోద్ది. మీ అమ్మా నువ్వూ చూసుకోండి" అన్నాడు. అని, హైమ మొహం చూసి, "కుదురుద్దిలే. నువ్వు దాని వంక అలా కళ్ళప్పగించి చూడకు. ఏదో ఒకటి మాట్లాడుతుండు" అన్నాడు.

మర్నాడు పొద్దున హైమ మాట్లాడింది. వాన సంగతి మాట్లాడింది, పక్కింటివాళ్ళ కొత్త ఫ్రిజ్ సంగతి మాట్లాడింది. ఆమని ఊఁ కొడుతూ పాపం శక్తివంచన లేకుండా నిబ్బరంగా ఉండడానికి చూసింది. కళ్ళు మూసుకుంది. ఊపిరి లెక్కపెట్టింది. జత కుదరలేదు.

"పోనీలే అమ్మా. సాయంత్రం చూద్దాం" అని ఆమని తన గదిలోకి పోయింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంటోంది. గాజువాకలో తాగునీళ్ళు పరీక్షించే ఒక చిన్న లేబొరేటరీ వాళ్ళు ఉద్యోగానికి రమ్మన్నారు. రోజూ అంత దూరం బస్సులో ఒక్కతే ఎలా వెళ్తుందని, యంత్రం సంగతి తేలేదాకా ఆగమని హైమే అంది. ఆమని ఎదురు చెప్పలేదు. చెప్పే అలవాటు ఆ పిల్లకి లేదు.

హైమ భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. చిప్పు తయారుచేసేటప్పుడు మరమ్మతు కోసమని అందులో ఒక దారి ఉంచుతారు. రోగికి పెట్టేముందు దాన్ని మూసి సీలు వేస్తారు. ఆ సీలు ఎలా వేశారో తెలిసిన హైమకి దాన్ని ఎలా తీయాలో కూడా తెలుసు. తెరిస్తే ఏ చేతి జతా అక్కర్లేదు, మీట నొక్కితే చాలు. కాకపోతే ఒకసారి తెరిచిన దారి మళ్ళీ మూసుకోదు. చిప్పు పైకి తీసి కొత్తది పెడితే తప్ప, ఆమని బతికినన్నాళ్ళూ ఆ దారి తెరిచే ఉంటుంది. చిప్పు చిరునామా తెలిసినవాడెవడైనా లోపలికి రావచ్చు. ఉమామహేశ్వర్‌గారితో తను వద్దని వాదించింది దీన్నే.

కిటికీ అద్దాల మీద వాన చరచి కొడుతోంది. హైమ వేళ్ళు ఆగకుండా టైపు చేశాయి. ఒక్క కూతురికే కదా, అనుకుంది. ఎవరికి తెలుస్తుంది, అనుకుంది. మధ్యాహ్నానికి పని పూర్తయింది. ఇక ఒక్క మీట మిగిలింది.

"అన్నం పెట్టనా అమ్మా?" అంటూ ఆమని వంటింట్లోకి వెళ్ళింది. కంచాలు తీస్తున్న చప్పుడైంది. తర్వాత కంచం ఒకటి కింద పడి గిర్రున తిరిగిన చప్పుడు.

హైమ పరుగెత్తింది. ఆమని గట్టు పక్కన నేల మీద ఉంది. ఒళ్ళు బిగుసుకుని కొట్టుకుంటోంది. హైమ పక్కకి తిప్పి పడుకోబెట్టింది, తల కింద తన చెయ్యి పెట్టింది, కాళ్ళకి తగలకుండా స్టూలు నెట్టేసింది. ఇదంతా ఆలోచించకుండా జరిగిపోయే పని. ఆలోచన ఉన్నది ఒక్కచోటే. వంటింటి గుమ్మంలోంచి భోజనాల బల్ల కనిపిస్తోంది. లాప్‌టాప్ తెర వెలుగుతోంది. లేచి నాలుగు అడుగులు వేసి, ఒక్క మీట నొక్కితే చాలు.

ఆమని మూర్ఛలు మామూలుగా వాటంతట అవే తగ్గిపోతాయని హైమకి తెలుసు. తగ్గకపోతే ప్రాణానికి ముప్పని కూడా తెలుసు. తల కింద నుంచి చెయ్యి తీసింది. గట్టు మీది తువ్వాలు మడత పెట్టి అక్కడ పెట్టబోయింది. లేవబోయింది. ఆమని ఒళ్ళు ఒక్కసారి పెద్దగా కదిలి, నెమ్మదించింది. ఇంకోసారి, ఇంకా నెమ్మదిగా. గుర్రుమని ఊపిరి వచ్చింది. హైమ మళ్ళీ కూర్చుండిపోయింది. ఇంకో క్షణం సాగి ఉంటే ఏం చేసి ఉండేదో ఆమెకి ఆ తర్వాత కూడా ఎప్పుడూ తేలలేదు.

ఆమని తేరుకుని, మొహం కడుక్కుని, సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. హైమ పాలు వెచ్చబెట్టి తెచ్చింది. పిల్ల కళ్ళు భోజనాల బల్ల మీదున్న తెర మీద పడ్డాయి. తల్లి పనిచేసే ఇంట్లో పెరిగిన పిల్ల. ఆ తెర మీద పైనున్న తన పేరు గుర్తుపట్టడానికి కష్టమేం కాలేదు.

"అదేంటి?"

హైమ అబద్ధం చెప్పబోయి మానుకుంది. దారి సంగతి, అది మళ్ళీ మూసుకోదన్న సంగతి, ఒక్క మీట మిగిలిందన్న సంగతి, అన్నీ చెప్పింది.

ఆమని పాలగ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "నా తలలో తలుపు తెరిచేసి, నాతో చెప్పేదానివి కాదు కదూ?"

"నీకేమన్నా అయితే..."

"నాకు ఎప్పుడూ ఏమన్నా అవుతూనే ఉంటుంది అమ్మా." ఆమె గొంతులో కోపం లేదు. అదే హైమని ఎక్కువ భయపెట్టింది. "నీ చెయ్యి తగిలితే నాకెందుకు అలా అవుతుందో నీకు నిజంగా తెలీదా?"

హైమ సోఫా అంచున కూర్చుంది.

"నువ్వు నా చెయ్యి ఎప్పుడు పట్టుకున్నా నీ బొటనవేలు నాడి మీదికి పోతుంది. జడ వేస్తూ మెడ మీద వేలు పెడతావు. స్కూల్లో నాకు బహుమతి ఇచ్చిన రోజు స్టేజీ కిందకి దిగంగానే వచ్చి పట్టుకున్నావు. అందరూ ముద్దు చేస్తోందనుకున్నారు. నువ్వు చూసింది నాడి. నువ్వు ముట్టుకున్నావంటే నాకు ఏదో రాబోతోందని అర్థం. రాకపోయినా సరే, నా ఒంటికి అలా అలవాటైపోయింది. నాన్నకి నాడి ఎక్కడుంటుందో కూడా తెలీదు."

"నేను చూడకపోతే ఎవరు చూస్తారే?" అంది హైమ. ఆ మాట అనగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అది నిజమే. నేను కాదనట్లేదు." ఆమని గ్లాసు కింద పెట్టింది. "ఇంకోటి చెప్పనా? తిట్టకు. మూర్ఛ వచ్చేముందు నాకు తెలుస్తుంది. కొత్త సిమెంటు తడిపితే వస్తుంది చూడు, ఆ వాసన వస్తుంది. ఒక్కోసారి కాసేపు ముందే. ఇందాక కూడా వచ్చింది."

హైమ కూతురి వంక విస్తుపోయి చూసింది. వాసన ఏమన్నా వస్తోందా, మెరుపులేమన్నా కనిపిస్తున్నాయా అని డాక్టర్లు ఎన్నిసార్లు అడిగారో. ప్రతిసారీ ఈ పిల్ల లేదనే చెప్పింది.

"ఎందుకు చెప్పలేదు?"

"చిన్నప్పుడు ఒకసారి చెప్పాను. ఆ రోజు మా క్లాసువాళ్ళు బొర్రా గుహలకి వెళ్తున్నారు. వాసన వచ్చిందన్నాను. నువ్వు బస్సులోంచి దింపేశావు. ఆ తర్వాత మూర్ఛా రాలేదు, ఏమీ రాలేదు. ఇంక చెప్పడం మానేశాను. వాసన వస్తే ఓ మూల కూర్చుని, నా మణికట్టు నేనే పట్టుకుని, లోపల్లోపల ఏదో ఒక పాట అనుకుంటూ ఉంటాను. కొన్నిసార్లు పోతుంది. కొన్నిసార్లు పోదు."

వాన ఇంకా కురుస్తూనే ఉంది. హైమకి ఆ బస్సు గుర్తుంది. ఆ రోజు తను బిడ్డని కాపాడుకున్నానని నలుగురికీ చెప్పుకున్న సంగతి కూడా గుర్తుంది.

"మరి ఆ యంత్రం నేనే పట్టుకోకూడదా?" అంది ఆమని. "నాకు ముందే తెలుస్తుంది కదా. మీట నేనే నొక్కుకుంటాను."

"దానికి రెండు ఒళ్ళు కావాలి. ఒకే మనిషి చెయ్యీ ఒకే మనిషి వేలూ అయితే జత తీసుకోదు."

"రెండు ఒళ్ళు నిజంగానే కావాలా, లేక అది తీసుకోదా?"

ఆ ప్రశ్న దగ్గర హైమ ఆగిపోయింది. నిబ్బరంగా ఉన్న గుండె ఎవరిదైతేనేం, తాళంచెవి పుడుతుంది. రాగిబిళ్ళ మీద రోగి వేలే పెట్టుకున్నా చప్పుడు వినిపిస్తుంది. వినిపించినా ఒప్పుకోవద్దని ప్రోగ్రాములో ఒక నిబంధన ఉంది. రోగి మాట నమ్మడానికి లేదు, మూర్ఛకి ముందు మనసు మసకబారుతుంది, తనకి తాను హాని చేసుకోవచ్చు. ఆ నిబంధన రాసింది హైమే. మొదటిరోజే రాసింది. ఆ తర్వాత దాని వంక తిరిగి చూడను కూడా లేదు.

"తీసుకోవద్దని నేనే రాశాను" అంది నెమ్మదిగా.

ఆమని దుప్పటి కాస్త పైకి లాక్కుంది. హైమ లేచి వెళ్ళి లాప్‌టాప్‌లో మధ్యాహ్నం దాకా రాసినదంతా చెరిపేసింది. కూతురు చూస్తుండగానే చెరిపింది.

శివాజీ ఇంటికి వచ్చేసరికి వాన తగ్గింది. అతని కళ్ళు ఎర్రబడి, గొంతు బొంగురుపోయి ఉన్నాయి. జరిగింది విని, అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపేశాడు. "నేను లేనప్పుడే రావాలా అది" అన్నాడు. కాసేపటికి, "బొర్రా గుహలకి నేను తీసుకెళ్తాన్లే అమ్మడూ" అన్నాడు. ఆమని నవ్వింది.

వారం తిరక్కుండా హైమ ఆమనిని పరిశోధనాలయానికి తీసుకెళ్ళింది. విషయం విని ఉమామహేశ్వర్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఉమ్మడి తాళం వద్దన్నారు. ఇప్పుడు పేషెంటు చేతికే తాళం ఇస్తానంటున్నారు. ప్రతి చిన్న భయానికీ నొక్కుకుంటే? రోజుకి పదిసార్లు తలలోకి కరెంటు వెళ్తే పిల్లకి మాటలే మిగలవు."

"పరిమితి పెడదాం సార్. ఒకసారి నొక్కాక కొంతసేపు పనిచెయ్యకుండా చేద్దాం. అయినా భయపడ్డ గుండెకి జత కుదరదు. ఏ రోజుకారోజు నిబ్బరంగా కూర్చుని కలుపుకోగలిగినవాళ్ళకే మీట అందుతుంది."

"అందరికీ ముందుగా తెలియదు కదా. వాసనలు, మెరుపులు అందరికీ రావు."

"రావు. రానివాళ్ళకి ఇంకో దారి వెతకాలి. నాకింకా తెలీదు" అంది హైమ.

ఆయన ఆమని వైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వేమంటావు?"

"ముందు కుదురుతుందో లేదో చూద్దాం సార్" అంది ఆమని.

నిబంధన తీసేసిన యంత్రాన్ని ఆమె చేతికిచ్చారు. మొదట కుదరలేదు. అంతమంది చూస్తుంటే ఎవరికి మాత్రం కుదురుతుంది? రెండోసారీ కుదరలేదు. హైమ లేచి, "సార్, మనం బయటికి వెళ్దాం" అంది. ఆయన్ని తీసుకుని వరండాలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసింది. గోడకి ఆనుకుని నిలబడింది. లోపల్నుంచి ఏ చప్పుడూ రాలేదు. తలుపు సందులోంచి చూడాలని మనసు పీకింది. చూడలేదు. ఉమామహేశ్వర్‌గారు ఏదో గ్రాంటు సంగతి ఎత్తారు, ఆమె ఊఁ కొట్టింది.

తలుపు తీసుకుని ఆమనే బయటికి వచ్చింది. యంత్రం తెర వాళ్ళ వైపు తిప్పి పట్టుకుంది. పెద్దగా నవ్వలేదు గానీ, పళ్ళ మధ్య కింది పెదవి నొక్కిపెట్టుకుని ఉంది.

"ఏం పాట అనుకున్నావు?" అని అడిగింది హైమ.

"చెప్పను. అది నా పాస్‌వర్డు."

ఉమామహేశ్వర్‌గారు పెద్దగా నవ్వేశారు. ఆ నవ్వుతో ఉమ్మడి తాళం మాట పక్కకి పోయిందని చెప్పడానికి లేదు. ఆ తర్వాత కూడా మీటింగుల్లో అది వస్తూనే ఉంది, హైమ వద్దంటూనే ఉంది. కానీ యంత్రంలో రెండు మార్పులు జరిగాయి. మూర్ఛ ముందుగా తెలిసే రోగులకి సొంత చేతి జత ఇచ్చారు. ‘జత కుదరలేదు’ అన్న మాట తెర మీంచి తీసేశారు. కుదిరితే దీపం వెలుగుతుంది, కుదరకపోతే ఏమీ కనిపించదు, మళ్ళీ చూసుకోవచ్చు. ఎవరి ఇంటి సంగతి వాళ్ళింట్లోనే ఉంటుంది. ఆ మార్పు పైడిరాజుకి ఆలస్యంగా అందింది. సన్యాసమ్మకి ముందుగా ఏమీ తెలియదు, ఇప్పటికీ ఆమెకి చెల్లెలి చెయ్యే దిక్కు. ఆ చెల్లెలికి పెళ్ళి కుదిరితే ఏం చెయ్యాలని హైమ ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

ఇంట్లో పొద్దున్నపూట కాఫీల దగ్గర ఇప్పుడు ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోవడం లేదు. ఆమని బాల్కనీలోకి వెళ్ళి, కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని, యంత్రం అరచేతిలో పట్టుకుని కాసేపు కూర్చుంటుంది. ఆ కాసేపూ హైమ వంటింట్లోంచి ఇవతలికి రాదు. తన చేతికి జత కుదురుతుందేమోనని ఆ తర్వాత ఎప్పుడూ చూడలేదు. జడ వేసేటప్పుడు మాత్రం వేళ్ళు మెడ దాకా పోయి, గుర్తొచ్చి, వెనక్కి వస్తుంటాయి. కొన్నిసార్లు గుర్తురాదు. అప్పుడు ఆమనే "అమ్మా" అంటుంది.

గాజువాక ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది, ఆమని చేరతానంది. మొదటిరోజు శివాజీ దింపి వస్తానన్నాడు, ఆమని వద్దంది. టిఫిను డబ్బా, యంత్రం, గొడుగు సంచీలో వేసుకుని సీతమ్మధారలో బస్సెక్కింది. హైమ తన స్కూటరు మీద ఆఫీసుకి వెళ్ళి, తెర తెరిచి కూర్చుంది. ఏం చదువుతోందో ఆమెకే తెలియదు.

ఫోను మోగింది.

"అమ్మా, వాసన వచ్చింది."

హైమ లేచి నిలబడింది. స్కూటరు తాళాలు చేతిలోకి ఎప్పుడు వచ్చాయో తెలియదు. "ఎక్కడున్నావ్?"

"ఎన్.ఏ.డి. జంక్షన్ దగ్గర. బస్సులో వచ్చింది. మీట నొక్కాను. పోయింది. అంతే, ఏమీ కాలేదు. కాకపోతే..." ఆమని గొంతులో నవ్వు వినిపించింది. "కండక్టరు అప్పుడే వచ్చి ఎక్కడికమ్మా అన్నాడు. నాకు ఊరి పేరు రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు. అలా అలా అని చెయ్యి చూపించాను. ఆయన నన్ను మూగపిల్లనుకుని, ఇక్కడే దిగాలేమోనని ఎంత మర్యాదగా దింపాడనుకున్నావు! చెయ్యి పట్టుకుని దింపాడు."

"ఇప్పుడు దొరికిందా?"

"గాజువాక" అంది ఆమని, ఒక్కో అక్షరం నొక్కి.

ఇద్దరూ నవ్వారు. హైమ నవ్వు మధ్యలో తడబడింది.

"నువ్వు రావద్దమ్మా. రమ్మని ఫోను చెయ్యలేదు. వాసన వచ్చిందని చెప్పాలనిపించింది, చేశాను. కొబ్బరిబొండం తాగుతున్నాను. తాగేసి వెనకాల బస్సెక్కుతాను."

హైమ నోటి దాకా చాలా ప్రశ్నలు వచ్చాయి. తల తిరుగుతోందా, నీడలో కూర్చున్నావా, పక్కన ఎవరైనా ఉన్నారా. గాజు తలుపు అవతల ఉమామహేశ్వర్‌గారు నిలబడి, మీటింగు మొదలైందని వేలితో గడియారం చూపిస్తున్నారు. ఆమె ఆయన వైపు చెయ్యెత్తి ఆగమని సైగ చేసింది. కుర్చీలో కూర్చుంది. తాళాలు బల్ల మీద పెట్టింది.

"నీళ్ళు తియ్యగా ఉన్నాయా?" అని అడిగింది.

"అబ్బే, చప్పగా ఉన్నాయి. ఈయన లేత బొండమని చెప్పి ముదురుది కొట్టాడు. ఆగు, నీ ముందే అడుగుతాను" అంటూ ఆమని అవతల బొండాలవాడితో బేరానికి దిగింది. హైమ ఫోను చెవికి ఆనించుకుని, ఆ పోట్లాట అయ్యేదాకా వింటూ కూర్చుంది.